తరగతి గదిలో ఎవరెక్కడ కూర్చుండవలెను?

జూన్ మాసమున బడి తెరచిన తొలినాటి యుదయము తరగతి గది గుమ్మము చెంత నిలిచి చూచినచో ఒక చిన్న యుద్ధము కంటబడును. గంట మ్రోగుటయే తడవుగా పిల్లలు సంచులతో లోనికి పరుగెత్తుదురు. ముందు చేరినవారు తమకిష్టమైన చోట సంచి పడవైచి, ప్రక్కన స్నేహితునికొక చోటు చేతితో కాచియుంచుదురు. ఆలస్యముగా వచ్చినవారికి, బిడియస్థులకు, ఊరికి క్రొత్తగా వచ్చినవారికి మిగిలినదే దక్కును. ఉపాధ్యాయుడు వచ్చి హాజరుపట్టీ తెరచి పేర్లు పిలుచునప్పటికి ఆ సంవత్సరమునకు సంబంధించిన ఒక ముఖ్యమైన నిర్ణయము జరిగిపోయి యుండును. దానిని ఎవరును ఆలోచించి చేయలేదు. అయినను మార్చి పరీక్షల వరకు అదియే నిలుచును.

పాఠ్యపుస్తకములను గూర్చియు, పరీక్షలను గూర్చియు, ఉపాధ్యాయుల కొరతను గూర్చియు మనము సభలలో ఎంతయో మాటలాడుచుందుము. పిల్లలు కూర్చుండు చోటును గూర్చి మాటలాడుట అరుదు. అది బంట్రోతు చూచుకొనవలసిన పని యని తలంతుము. నేనును చాల యేండ్లు అట్లే తలచితిని. ఆ తలంపు మారిన విధమును ముందుగా చెప్పెదను.

బళ్ళారి పట్టణమున నేను పనిచేసిన ఒక ప్రాథమిక పాఠశాలలో తెలుగు మాధ్యమపు మూడు, నాలుగు తరగతులను ఒకే గదిలో నాకప్పగించిరి. పిల్లలు మొత్తము 22 మంది. నాలుగవ తరగతిలో ఒక బాలిక యుండెను. పడమటి కిటికీ ప్రక్కన చివరి బల్ల ఆమెది. వ్రాత ముత్యములవలె నుండును. అల్లరి లేదు, హాజరు తప్పదు. అట్టి పిల్లలను గూర్చి ఉపాధ్యాయుడెన్నడును ఆందోళన పడడు. దసరా సెలవులకు ముందు ఆమె తల్లి యొకనాడు బడికి వచ్చి, “సార్, మా పిల్ల ఇంట్లో ఒక్క గడియ నోరు మూయదు. బళ్ళో ఏం మాట్లాడతాది?” అని యడిగినది. నేను బదులు చెప్పబోయి ఆగిపోతిని. నాలుగు నెలలలో ఆ పిల్ల కంఠస్వరమును హాజరు వేళ తప్ప నేను విన్నట్లు జ్ఞాపకము రాలేదు. “బాగానే చదువుతా ఉందమ్మా” అని చెప్పి పంపితిని. అది అబద్ధము కాదు గాని, ఆ తల్లి అడిగినదానికి సమాధానమును కాదు.

నాటి సాయంకాలము ఒక కాగితముపై గది పటము గీచి, ఒక్కొక్కరికి ఒక్కొక్క గడి ఏర్పరచితిని. మరునాటి నుండి మూడు దినములు, నేనెవరిని ప్రశ్న యడిగినను, ఎవరు తమంతట తాము చేయెత్తి చెప్పినను వారి గడిలో ఒక గీత గీయుమని, ఆ వేళకు విరామమున్న తోటి ఉపాధ్యాయురాలిని వేడుకొంటిని. మూడవనాడు ఆమె ఆ కాగితము నా చేతికిచ్చి నవ్వినది. గీతలన్నియు నా కుర్చీకెదురుగా నున్న రెండు వరుసలలోను, నడుమ బాట కిరుప్రక్కలను గుమిగూడి యుండెను. గోడల వెంబడి కూర్చున్నవారి గడులలో అక్కడక్కడ ఒకటి రెండు గీతలు. కిటికీ ప్రక్కనున్న గడి తెల్లగా నుండెను.

ఈ లోపము నా యొక్కనిదే కాదని తరువాత చదివి తెలిసికొంటిని. ఆడమ్స్, బిడిల్ అను ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని తరగతులను వీడియో తీసి పరిశీలించి, 1970లో ఒక గ్రంథము ప్రకటించిరి. పాఠము జరుగుచుండగా ఉపాధ్యాయునితో మాటలాడు అవకాశము ముఖ్యముగా ముందు వరుస వారికిని, నడిమి నిలువు బారున కూర్చున్నవారికిని దక్కుచున్నదని వారు కనుగొనిరి. పైనుండి చూచినచో ఆ భాగము ఆంగ్లపు ‘టీ’ అక్షరమువలె నుండును. ఆ అక్షరము వెలుపల కూర్చున్నవారు పాఠమును విందురు, పాఠములో పాల్గొనరు. ఉత్సాహవంతులే ముందు చేరుదురు గనుక ఇది చోటు మహిమ కాదు, పిల్లల స్వభావమని యనవచ్చును. ఆ యాక్షేపణలో కొంత న్యాయము కలదు. కాని స్వభావమును మార్చుట మన చేతిలో లేదు; చోటు మార్చుట రెండు నిమిషముల పని. ఏది ఎంతవరకు కారణమో తెలియనప్పుడు చేతిలో నున్నదానితో మొదలిడుట మంచిది.

నేను ఆ బాలికను ముందు వరుసకు మార్చలేదు. అట్లు చేసినచో ఆమెకది శిక్షవలె తోచునని భయపడితిని. నేనే మారితిని. నా కుర్చీని వదలి, వారమున రెండు దినములు పడమటి కిటికీ చెంత నిలిచి పాఠము చెప్పసాగితిని. అప్పుడు వెనుక బల్ల ముందు బల్ల యయ్యెను. మూడవ వారమున గుణకారపు లెక్కలు చెప్పుచు, బళ్ళారిలో జీన్సు కుట్టని వీధి లేదు గదా యని, ఒక ప్యాంటుకు ఇన్ని గుండీలైనచో నూరు ప్యాంట్లకు ఎన్ని యని యడిగితిని. నేను గుండీలు నాలుగని చెప్పితిని కాబోలు. ప్రక్కనుండి ఒక గొంతు వినవచ్చినది: “గుండీ ఒకటే సార్. రివెట్లు ఆరుంటాయి. మా యమ్మ కుడుతుంది.” తరగతి యంతయు వెనుదిరిగి చూచినది. ఆ పూట లెక్కలన్నియు ఆమె చెప్పిన ప్రకారమే చేసితిమి.

పిల్లలను ఎట్లు కూర్చుండబెట్టవలెనను ప్రశ్న ఈ ప్రాంతమునకు క్రొత్తది కాదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో రాజధానిలోని పాఠశాలల వివరములు పంపుడని కలెక్టర్లను ఆజ్ఞాపించెను. బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక వానిలో ప్రసిద్ధమైనది. తెలుగు వ్యాకరణమును ఆంగ్లమున వ్రాసిన క్యాంప్‌బెల్ ఈయనయే. నాటి బళ్ళారి జిల్లా నేటి అనంతపురము ప్రాంతమును గూడ కలుపుకొని యుండెడిది. అందు 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. కన్నడపు బడులు 235, తెలుగు బడులు 226. విద్యార్థులలో బాలికలు కేవలము 60 మంది. లెక్క చూచినచో బడికి సగటున పన్నెండుగురు పిల్లలు. నేడు మన తెలుగు తరగతులలో నున్నవారును ఇంచుమించుగా అంతే యని తలచినప్పుడు నాకు నవ్వు వచ్చును, కొంచెము దిగులును కలుగును.

ఆ వీధిబడులలో బల్లలు లేవు. పిల్లలు నేలపై కూర్చుండి ఇసుకలో అక్షరములు దిద్దెడివారు. క్యాంప్‌బెల్ వ్రాసినదాని ప్రకారము వారిని చదువును బట్టి చిన్న చిన్న గుంపులుగా విభజించి, క్రింది గుంపులను పెద్ద విద్యార్థులకు అప్పగించి, పై గుంపులను అయ్యవారు స్వయముగా చూచుకొనెడివారు. చిన్నవారికి నేర్పుటవలన పెద్దవారి చదువు గట్టిపడుననియు, ఇంగ్లండులో దీనిని అనుకరించుట తగియే యున్నదనియు ఆయన మెచ్చుకొనెను. ఆ అనుకరణమునకు మూలము మద్రాసులోని ఎగ్మూరు. అచ్చటి అనాథ బాలుర శాలకు అధిపతిగా నుండిన ఆండ్రూ బెల్ ఒక దేశీయ పాఠశాలలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, తన శాలలో పిల్లలచేతనే పిల్లలకు చెప్పించి, ఆ పద్ధతిని 1797లో లండనులో ప్రకటించెను. దానికి మద్రాసు పద్ధతి యని పేరు వచ్చెను.

పూర్వకాలమంతయు బంగారమని నేననుట లేదు. అదే నివేదికలో, ఉదయము మొదట వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురనియు, రెండవవానికి సున్న చుట్టుదురనియు, మూడవవానినుండి వరుసగా ఒకటి, రెండు, మూడు అని దెబ్బలు పెరుగుననియు ఉన్నది. చివర వచ్చినవాని చేతిని తలచుకొనుడు! పైగా ఆ అరుగుల మీద అందరికిని చోటు లేదు. చాల కులములవారికి బడి గుమ్మమే మూసియుండెను. తెరచిన తరువాత కూడ, వెనుక మూలను విడిగా కూర్చుండబెట్టుట ఎన్నియో యేండ్లు సాగినది. నేటికిని ఏ తరగతిలోనైనను ఒక కులమువారు, ఒక పేటవారు ఒకే మూలను చేరి యుండినచో, అది పిల్లల స్నేహమో లేక పెద్దల అలవాటో ఉపాధ్యాయుడు తప్పక విచారింపవలెను. వెనుక బల్లను శిక్షగా వాడుటయు ఈ జాతిదే. ఒకరికి శిక్షయైన చోటు అక్కడ ప్రతిదినము కూర్చుండువారికి ఏమగును?

ఇక బల్లల వరుసల సంగతి. వీనిని నిందించుట నేడొక ఆచారమైనది. నాకది సమ్మతము కాదు. ఉక్తలేఖనము వ్రాయునపుడు, లెక్క ఒంటరిగా చేయవలసినపుడు వరుసలే మేలు. 2008లో వనార్కా, రూల్ అను ఇరువురు అంతవరకు జరిగిన పరిశోధనలను ఒకచోట చేర్చి పరిశీలించి, ఒంటరిగా చేయు పనికి వరుసలును, కలసి మాటలాడుకొని చేయు పనికి గుంపులును తగునని తేల్చిరి. జర్మనీలో నాలుగవ తరగతి పిల్లలను కొన్నాళ్ళు వరుసలలోను, కొన్నాళ్ళు అర్ధవలయముగాను కూర్చుండబెట్టి చూడగా, అర్ధవలయమున ఉన్నప్పుడు వారు ప్రశ్నలు ఎక్కువగా అడిగిరని మార్క్స్, ఫ్యూరర్, హార్టిగ్ అనువారు 1999లో వెల్లడించిరి. ఒకరి ముఖము ఒకరికి కనబడుచుండగా అడుగుట సులభము. ఎదుటివాని వీపును చూచుచు ఎవరు ప్రశ్నింతురు?

అయినను ఒకే ఆకారమును పట్టుకొని అన్ని పాఠములకు వాడినచో చిక్కులు వచ్చును. 2024లో వచ్చిన ‘స్థానార్థి శ్రీకుట్టన్’ అను మలయాళ చలనచిత్రమును చూచి కేరళలో కొన్ని పాఠశాలలు వెనుక వరుస లేకుండునట్లు బల్లలను గోడల వెంబడి జరిపినవి. 2025 జూలైలో తమిళనాడు విద్యాశాఖవారు కూడ బల్లలను తమిళపు ‘ప’ అక్షరమువలె అమర్చుడని సూచించిరి. ప్రక్కల కూర్చున్న పిల్లలు దినమంతయు మెడ త్రిప్పి యుంచవలసి వచ్చుననియు, నల్లబల్ల వారికి ఏటవాలుగా కనబడుననియు ఆక్షేపణలు రాగా కొద్ది దినములకే ఆ సూచనను నిలిపివేసిరి. మూడు సరళరేఖల ఆ యక్షరము తమిళులకు సులభము. మన అక్షరములన్నియు గుండ్రనివి గనుక మేము దానిని లాడమందుము. మా గదిలో లాడమును కథలు చదువు వేళకును, పద్యములు చెప్పించు వేళకును మాత్రమే ఉంచితిమి. ఆ వేళ నల్లబల్లతో పని లేదు. ఎవరి మెడయు నొవ్వదు. చదువువాని గొంతు అందరికిని వినబడును.

రెండు తరగతులు ఒకే గదిలో నున్నచోట ఈ పని మరింత అవసరము. కర్ణాటకమున దీనికొక మంచి ఆదర్శము కలదు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట తాలూకాలో మొదలైన నలి-కలి పద్ధతిలో చిన్న తరగతుల పిల్లలు కలసి నేలపై గుంపులుగా కూర్చుందురు. ఒక గుంపునకు ఉపాధ్యాయుని సాయము పూర్తిగా కావలెను, ఒకదానికి కొంత చాలును, ఒకదానిలో పిల్లలు ఒకరికొకరు నేర్పుకొందురు, ఒకదానిలో ఎవరి పని వారిది. పిల్లవాడు తన చేతిలోని చీటీ మీది గుర్తును బట్టి తానే తన గుంపును వెదకికొని పోవును. పాఠము మారినపుడు చోటు మారును. గోడ క్రింది భాగమున పిల్లలకందు ఎత్తులో నల్లబల్లలుండును. ఈ పద్ధతిని రూపొందించిన ఉపాధ్యాయులు దారి చూచుకొన్నది మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రమున. అచ్చట పద్మనాభరావు, రమ అను దంపతులు ఏకోపాధ్యాయ పాఠశాలల కొరకు తెలుగులో ఇట్టి చీటీల పద్ధతిని సిద్ధపరచి యుండిరి. ఒక తెలుగు పల్లెబడి ఆలోచన కన్నడ బడులకు చేరి, మరల మన బడులకే రావలసి యుండుట విచిత్రము.

మూడు, నాలుగు తరగతులను నేను మొదట ప్రక్కప్రక్కనే ఉంచితిని. ఒకరికి చెప్పునది రెండవవారు వినుచు తమ పని మరచెడివారు. తరువాత వీపులు కలియునట్లు త్రిప్పి, తూర్పు గోడకొక నల్లబల్ల, పడమటి గోడకొక నల్లబల్ల పెట్టితిని. మధ్యాహ్నము రెండు గంటలు దాటగనే తూర్పు గోడ మీది బల్లపై ఎండ పడి అక్షరములు కనబడకపోయెను. చివరకు ఆ బల్లను ఉత్తరపు గోడకు మార్చి, మూడవ తరగతికి చాపలు పరచితిమి. గోల మాత్రము తగ్గలేదు. గోల తగ్గవలెనను కోరికనే కొంత తగ్గించుకొంటిని.

జోడు కూర్చుటలో నేను చేసిన తప్పొకటి చెప్పక తప్పదు. చదువులో మొదటివానిని చివరివాని ప్రక్కన ఉంచినచో చివరివాడు పైకి వచ్చునని ఆశించితిని. జరిగినదేమనగా, మొదటివాడు రెండు పలకల మీదను తానే వ్రాసెను. రెండవవాడు హాయిగా కూర్చుండెను. అంతరము మరీ ఎక్కువైనచో నేర్పువాడు విసుగుచెందును, నేర్చువాడు సిగ్గుపడును. పిదప వేరొక జోడు కనుగొంటిని. మన పిల్లలలో కొందరు తెలుగు గలగల మాటలాడుదురు గాని చదువలేరు. కొందరు, ముఖ్యముగా ఇంట కన్నడమో ఉర్దూయో వాడువారు, అక్షరము తప్పక చదువుదురు గాని మాటలాడుటకు జంకుదురు. నోరున్నవానిని, వ్రాత యున్నవానిని ప్రక్కప్రక్కన ఉంచితిని. ఇందు ఎవరును తక్కువ కారు. ఒకడు కథ చెప్పును, రెండవవాడు వ్రాసి చదివి వినిపించును.

అల్పసంఖ్యాకులమైన మనకు ఇది పైపై సంగతి కాదు. పాఠశాలలో 40 మందియైనను, తరగతిలో 10 మందియైనను ఆ భాషవారున్నచో మాతృభాషలో చెప్పు ఉపాధ్యాయుని నియమింపవలెనని 1949 ఆగస్టున రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశమున నిర్ణయించిరి. 1956లో రాజ్యాంగమున చేరిన 350ఏ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యములు కల్పింపుమని చెప్పుచున్నది. ఆ పదిమందిని కూర్చుటకు పెద్దలు ఇల్లిల్లు తిరుగుట నేనెరుగుదును. పేరు పట్టీలోనికెక్కినంతమాత్రమున పని ముగియదు. ఆ పదిమందిలో ముగ్గురు గోడ ప్రక్కన ఏడాది పొడుగున నోరు మెదపక కూర్చున్నచో, తల్లిదండ్రులు మరుసటి యేడు వారిని వేరు బడికి మార్పింతురు. వారి ననరాదు.

మన పిల్లలు ఉన్నత పాఠశాలలో కన్నడ మాధ్యమమున చేరినప్పుడు మరొక చిక్కు. తెలుగువారందరు ఒకే బల్ల పట్టి కూర్చుందురు. అది వారికి అండ. కొన్నాళ్ళకు అదియే కంచె. మొదటి నెల వారినట్లే ఉండనిచ్చి, తరువాత ఇద్దరిద్దరిని కన్నడ పిల్లల నడుమ కూర్చుండబెట్టుట మేలని నా అభిప్రాయము. ఒంటరిగా ఒక్కరినే పంపరాదు. ఇందులో నాతో ఏకీభవింపని తోటి ఉపాధ్యాయులు కలరు.

ఇక దేహసంబంధమైన సంగతులు. కుడిచేత వ్రాయువానికి వెలుతురు ఎడమనుండి రావలెను. ఎడమచేత వ్రాయువానిని బల్లకు ఎడమ కొసను కూర్చుండబెట్టినచో ప్రక్కవాని మోచేయి తగులదు. నల్లబల్ల సరిగా కనబడని పిల్లవానిని ముందుకు తెచ్చుట ఆనాటికి చాలును గాని, కండ్ల పరీక్షకు పంపక అంతటితో ఊరకుండుట తప్పు. చెవి మందమైన పిల్లకు ఉపాధ్యాయుని పెదవులు కనబడవలెను. నల్లబల్ల వైపు తిరిగి మాటలాడు అలవాటు ఆమెకు పాఠమును లేకుండ చేయును.

పదునైదు దినములకొకమారు వరుసలను ఒక చోటు చొప్పున జరుపు అలవాటు చేసితిమి. కిటికీ అందరికిని వచ్చును, గోడయు అందరికిని వచ్చును. బల్లలెక్కడ ఉండవలెనో తెలియుటకు నేలమీద రంగుతో గుర్తులు పెట్టితిమి. మొదట వరుసలనుండి లాడమునకు మారుటకు పది నిమిషములు పట్టెడిది. దీపావళి నాటికి పిల్లలు రెండు నిమిషములలో మార్చుట నేర్చిరి. ఊడ్చునామె మాత్రము, “దినానికొక తీరుగ పెడితే నేనెట్ల ఊడ్చేది సార్?” అని నాపై కోపగించుకొనెడిది. మరుసటి యేడు ఒక దాత క్రొత్త బల్లలు పంపెను. ముగ్గురేసి కూర్చుండు ఇనుప బల్లలు. నేలకు మరలతో బిగించి మరీ పోయిరి. దాతకు కృతజ్ఞత తెలుపు సభ ముగిసిన మరునాడు ఆయన అనుమతితోనే మరలు విప్పించితిమి. అందుకు ఒక పూట పట్టినది.